పన్నెండో వంతు

ఆ దేశంలో దిగిన పావుగంటకే టైలరక్క ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఇక్కడ ఒక్కరికంటే ఒక్కరికి కూడా బట్టలు ఒంటికి అతకలేదు.

విమానాశ్రయం బయట వ్యాను కోసం నిలబడ్డప్పుడే మొదలైంది పరీక్ష. సామాన్ల బండి తోస్తున్న అతని భుజం కుట్టు మోచేతి దారి పట్టింది. టీ అమ్మే అమ్మాయికి చంక కింద గుడ్డ సంచిలా వేలాడుతోంది. వ్యాను డ్రైవరు చొక్కా చేతులు మణికట్టుకి బెత్తెడు పైనే ఆగిపోయాయి.

"వదినా, కుట్టు చూడు, గీత గీసినట్టుంది. కొలత చూడు, పక్కింటి దండెం మీంచి ఎత్తుకొచ్చినట్టుంది," అంది ఆడపడుచు చెవిలో.

"దేశం కాని దేశం వచ్చి నువ్వు చూస్తున్నది చంకలా?" అంది ఆడపడుచు. ఆవిడ చర్చి సంఘంలో పాటల బృందానికి నాయకురాలు. గుసగుస కూడా చివరి బెంచీదాకా వినిపిస్తుంది. డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు.

సంఘం నుంచి వారం రోజుల సేవకి వచ్చిన వాళ్లు మొత్తం ఏడుగురు. నాయకుడు రిటైరైన హెడ్మాస్టరు గారు. బడి వదిలి ఆరేళ్లయినా మెడలో విజిలు వదల్లేదు. వ్యానెక్కేటప్పుడు ఊదారు, ఎక్కాక ఊదారు, అందరూ ఎక్కారో లేదో చూడ్డానికి ఇంకోసారి ఊదారు. తర్వాత అందరికీ కార్యక్రమం కాగితాలు పంచారు. పిల్లలకి పాటలు, ఆడపడుచు. గుడికి సున్నం, నలుగురు కుర్రాళ్లు. కుట్టు నేర్పుట, పన్నెండు మంది నిరుద్యోగ మహిళలకు, ఐదు రోజులు: టైలరక్క పేరు, దాని పక్కన "టీచరు".

ఆ మాట దగ్గర ఆవిడ కళ్లు కాసేపు అతుక్కుపోయాయి. సంఘంలో ఆవిణ్ణి పిలిచేది రెండే సందర్భాల్లో. ఆరాధనకి ముందు ఎవరిదో హుక్కు ఊడితే, లేదా పిల్లల నాటకంలో దేవదూతలకి రెక్కలు కావాలంటే. ముప్పై ఏళ్లలో ఎవరూ టీచరు అని పిలవలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి పాస్‌పోర్టులో దాచుకుంది.

సోమవారం పొద్దున గుడి వెనక హాల్లో పన్నెండు కుట్టుమిషన్లు వరసగా కొలువుదీరాయి. సంఘం డబ్బుతో అక్కడే కొన్నవి. శుక్రవారం వాటిని నేర్చుకున్న వాళ్లకే ఇచ్చేస్తారు. పన్నెండు మంది ఆడవాళ్లు చేతులు ఒళ్లో పెట్టుకుని, మొదటి రోజు బడికొచ్చిన పిల్లల్లా కూర్చున్నారు.

మాటని వాళ్ల భాషలోకి మార్చి చెప్పేది అక్కడి పాస్టరు గారి భార్య. వయసులో ఉండగా మన దేశం వచ్చి నర్సింగు చదివింది. మన భాష ఆస్పత్రి వార్డుల్లో నేర్చుకుంది కాబట్టి, ఆవిడ నోట్లో అది ఇప్పటికీ వార్డులోనే ఉంది.

"పేషెంట్లందరూ వచ్చేశారు, మొదలుపెట్టండి," అంది. అందరికీ ఆ క్షణం నుంచే ఆవిడ నర్సమ్మ అయిపోయింది.

టైలరక్క గొంతు సవరించుకుంది. "ఇది సూది. దీనికి కన్నం ఉంటుంది."

"కంగారు పడకండి, చిన్న సూదే," అని తన మాట కూడా కలిపి నర్సమ్మ వాళ్ల భాషలో చెప్పింది. పన్నెండు తలలు ఊగాయి.

దారం ఎక్కించడం అయింది. బాబిన్ చుట్టడం అయింది. గుడ్డ మీద సుద్దతో నిలువు గీత గీసి, దాని మీదుగా కుట్టమంది టైలరక్క. పన్నెండు మిషన్లూ మెల్లగా, ముసలాళ్లు మెట్లెక్కినట్టు నడిచాయి. పన్నెండు కుట్లూ వంకర పోయాయి. చిత్రమేమిటంటే అన్నీ ఒకే చోట, గీత సగంలో, ఎడమ వైపుకే పోయాయి. మొదటి రోజు కదా అనుకుంది టైలరక్క. వెనక బల్ల మీద కూర్చున్న మనిషి అందరికంటే పొడుగు, మిషను ముందు ఒంగితే మోకాళ్లు బల్లకి తగులుతున్నాయి. టైలరక్క ఆవిడ వెనక్కి చేరి, ఆవిడ చేతుల మీద తన చేతులు వేసి గుడ్డని నడిపించింది.

"ఇలా. తొయ్యకూడదు, లాక్కూడదు. దాని మానాన దాన్ని పోనివ్వాలి."

పొడుగమ్మ బుద్ధిగా తలూపింది. పక్కనున్న చిన్నది మొహం పక్కకి తిప్పేసుకుని దగ్గింది. దగ్గు కాస్త ఎక్కువసేపే వచ్చింది.

ఆ సాయంత్రం గదిలో కాళ్లకి నూనె రాసుకుంటూ టైలరక్క అంది, "పాపం వదినా, ఏమీ రాదు వాళ్లకి. కానీ ఎంత వినయమో!"

"మా ఇంటికొచ్చిన కొత్తలో నువ్వూ అంతే," అంది ఆడపడుచు. "మూడు నెలలు. ఆ తర్వాత చూశాంగా."

మంగళవారం రెండో బల్ల మిషను మొరాయించింది. ఒక కుట్టు వేస్తే రెండు వదిలేస్తోంది. టైలరక్క సూది మార్చింది, దారం మార్చింది, మిషన్ని బతిమాలింది, తిట్టింది. చివరికి స్క్రూడ్రైవరు కావాలని నర్సమ్మతో కలిసి పాస్టరు గారింటికి వెళ్లింది. వెతికి పట్టుకుని తిరిగొచ్చేసరికి పది నిమిషాలు.

హాలు గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

రెండో బల్ల దగ్గర పొడుగమ్మ కూర్చుంది. మిషను మొరాయించడం లేదు సరికదా, కందిరీగల తుట్టెలా రొద పెడుతోంది. రెండు పొరల గుడ్డ, మధ్యలో గుండుసూది లేదు, టాకాలు లేవు. చూపుడువేలు, బొటనవేలు, అంతే. మూల దగ్గరికొచ్చి మిషను టక్కున ఆగింది. సూది గుడ్డలోనే దిగి ఉంది. ఎడమ చేత్తో మిషను పాదం లేపడం, గుడ్డ తిప్పడం, పాదం దించడం, మళ్లీ రొద. టైలరక్క ఒక్క ఊపిరి తీసేలోపు అయిపోయింది. కుట్టు వెంట్రుకంత కూడా పక్కకి పోలేదు.

గదిలో ఎవరో హెచ్చరికగా నాలుక చప్పరించారు. పొడుగమ్మ తలెత్తి చూసింది. గుమ్మంలో టీచరు, చేతిలో స్క్రూడ్రైవరు.

పొడుగమ్మ కాలు నెమ్మదించింది. టీచరు కళ్లలోకే చూస్తూ, గీత సగంలో, గుడ్డని బుద్ధిగా ఎడమ వైపుకి వంకర పోనిచ్చింది.

చిన్నది ఈసారి దగ్గలేకపోయింది. ఫక్కుమంది. దాంతో పన్నెండు మందీ మొహాలు కొంగుల్లోనూ చేతుల్లోనూ దాచుకున్నారు.

టైలరక్క లోపలికి నడిచింది. తిన్నగా వెళ్లి పొడుగమ్మ చెయ్యి పట్టుకుని చూసింది. చూపుడువేలి గోరు మధ్యలో నిలువునా సన్నటి నొక్కు. సూది గోట్లోంచి దిగి ఎముకకి తగిలితే జన్మంతా మిగిలే గుర్తు అది. టైలరక్క తన చూపుడువేలు పక్కన పెట్టింది. అదే నొక్కు.

"నర్సమ్మగారూ," అంది తిరిగి చూడకుండా, "వీళ్లెవరు?"

నర్సమ్మ చెప్పేసింది.

"చొక్కాల ఫ్యాక్టరీ. పన్నెండు మందీ. మా ఊళ్లో ఆడవాళ్లంతా అక్కడే. మీ హెడ్మాస్టరు గారు ఉత్తరం రాశారు, కుట్టు రాని పన్నెండు మందిని సిద్ధం చెయ్యండని. ఎక్కణ్ణించి తెచ్చేది? అంత దూరం నుంచి, అంత ఖర్చు పెట్టుకుని వస్తున్నారు, ఎవరూ లేరంటే మీ మనసు కష్టపడదా? అందుకని పాస్టరు గారు వీళ్లనే అడిగారు. ఈ వారం ఫ్యాక్టరీకి సెలవు."

"ఏడాదికెన్ని వారాలు సెలవు?"

"ఇదొక్కటే."

టైలరక్క చెవులు వేడెక్కాయి. ఏడాదికి ఒక్క వారం సెలవు. ఆ వారంలో రెండు రోజులు, సూదికి కన్నం ఉంటుందని విన్నారు వీళ్లు, తనని సంతోషపెట్టడానికి.

ఆ సాయంత్రం సంగతంతా విని ఆడపడుచు పడీ పడీ నవ్వింది. తర్వాత మంచం మీద లేచి కూర్చుని, జీవితంలో మొదటిసారి నిజంగా గుసగుసలాడింది.

"వదినా, హెడ్మాస్టరుకి చెప్పకు. మూడు రోజులు ఓపిక పట్టు. నువ్వు టీచరుగానే ఇంటికెళ్తావు, వాళ్లు మిషన్లు పట్టుకెళ్తారు. ఎవరికి నష్టం?"

టైలరక్క లేచి సంచి తెరిచింది. పాస్‌పోర్టు తీసి, కాగితం తీసి, చూసి, మళ్లీ పెట్టేసింది.

బుధవారం పొద్దున నర్సమ్మని పక్కన నిలబెట్టుకుని చెప్పింది. "తెలిసిపోయింది, ఇంక వంకర కుట్టక్కర్లేదు. ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోవాలన్నవాళ్లు వెళ్లొచ్చు, నేనేమీ అనుకోను. ఉండేవాళ్లు మీకేది బాగా వచ్చో అది కుట్టి చూపించండి. నేను కూర్చుని చూస్తాను."

ఒక్కరూ లేవలేదు. పన్నెండు మిషన్లూ ఒక్కసారిగా ఎత్తుకున్నాయి. గోడ మీద క్యాలెండరు వణికింది. చిన్నది కాజాలు కుడుతుంటే వడ్రంగి పిట్ట కొమ్మ పొడిచినట్టుంది. ఒకామె జేబులు, ఒకామె కఫ్‌లు. పొడుగమ్మ కాలర్లు.

ఆ మోతకి బయట సున్నం వేయిస్తున్న హెడ్మాస్టరు గారు పరుగున వచ్చారు. గుమ్మంలో నిలబడి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"రెండు రోజులు!" అన్నారు. "రెండే రోజులు! టీచరమ్మా, ముప్పై ఆరేళ్లు పాఠాలు చెప్పాను, ఇలాంటిది చూళ్లేదు. దేవునికి స్తోత్రం! శుక్రవారం వేదికెక్కి మీరు సాక్ష్యం చెప్పాలి. నేను రిపోర్టులో రాస్తాను." ఫోనుతో నాలుగు ఫోటోలు తీసి, సంతోషం పట్టలేక విజిలు ఊది వెళ్లిపోయారు.

టైలరక్క నోరు తెరిచింది. మూసింది. ముప్పై ఆరేళ్ల సర్వీసున్న మనిషి టీచరమ్మా అన్నాడు.

ఇబ్బంది దాచుకోవడానికి పని వెతుక్కుంది. పూల చీటీ గుడ్డ ఒకటి బల్ల మీద పరిచి, తన పెద్ద కత్తెర తీసి పొడుగమ్మ చేతిలో పెట్టింది. "చొక్కా ఒకటి కత్తిరించమ్మా. ఎవరి కొలతకైనా సరే."

నర్సమ్మ చెప్పింది. పొడుగమ్మ కత్తెర వంక చూసింది, గుడ్డ వంక చూసింది. కత్తెర పక్కామెకి అందించింది. పక్కామె తన పక్కామెకి. కత్తెర ఒక్కొక్క చేతిలో ఒక్క క్షణం ఆగి, పన్నెండు చేతులూ తిరిగి, మళ్లీ టైలరక్క దగ్గరికే వచ్చింది.

"అదేంటి?"

"అక్కడ గుడ్డ కోసేది మిషను," అంది నర్సమ్మ. "ముక్కలు కట్టలు కట్టి వీళ్ల ముందు పడేస్తారు. ఎవరి ముక్క వాళ్లు కుడతారు, పక్కకి తోస్తారు. టేపు ఎప్పుడూ పట్టలేదు."

పొడుగమ్మ ఏదో అంది. అందరూ నవ్వారు గానీ నవ్వు సగంలోనే తగ్గింది.

"పదకొండేళ్లుగా కాలర్లు కుడుతోందట," అంది నర్సమ్మ. "తన కాలరు వేసుకున్న మనిషిని ఒక్కణ్ణీ చూళ్లేదట. చూపు తగ్గితే పంపించేస్తారు. ఇంటి దగ్గర కూర్చుని కాలర్లొక్కటే కుడితే ఎవరొస్తారు అంటోంది."

టైలరక్క కత్తెర బల్ల మీద పెట్టి, నర్సమ్మని వెంటబెట్టుకుని బయటికి నడిచింది. హెడ్మాస్టరు గారు నిచ్చెన పట్టుకుని నిలబడ్డారు. ఆయన ఎదురుగా నిలబడి, ఆగితే ధైర్యం జారిపోతుందన్నట్టు ఏకబిగిన మొత్తం చెప్పేసింది. ఫ్యాక్టరీ, సెలవు, వంకర గీతలు, అన్నీ. "రెండు రోజుల్లో నేను నేర్పింది ఏమీ లేదండీ. ఆ పనితనం వాళ్లది."

హెడ్మాస్టరు గారి మొహం మీదున్న సున్నం చుక్కలు కూడా గంభీరంగా మారిపోయాయి.

"సంఘం తీర్మానం ఏమిటి? కుట్టు రానివారికి మిషన్లు. రాతపూర్వకంగా ఉంది. అన్నీ వచ్చినవాళ్లకి ఇస్తే నేనేమని రిపోర్టు రాయాలి? మిషన్లు వేరే ఊరికి పంపించేద్దాం. మీరు పాటల బృందంలో చేరండి."

"వీళ్లకి కుట్టు రాదు హెడ్మాస్టరు గారూ."

"నేను కళ్లారా చూశానమ్మా! రైల్లా పోతోంటే!"

"రైలు పట్టా మీద పోతుందండీ. పట్టా వేసేది వేరేవాళ్లు. వీళ్లలో ఒక్కరు కూడా మొత్తం చొక్కా ఎప్పుడూ కుట్టలేదు. ఒక్కొక్కరికి పన్నెండో వంతు వచ్చు. మిగతా పదకొండు వంతులూ రావు. మీ తీర్మానంలో ఎన్ని వంతులు రాకపోతే ఇవ్వాలని ఉందో చూడండి."

హెడ్మాస్టరు గారు నిచ్చెన వదిలేశారు. పైనున్న కుర్రాడు కెవ్వుమన్నాడు. మళ్లీ పట్టుకున్నారు.

"శుక్రవారం మధ్యాహ్నానికి," అన్నారు చాలాసేపు ఆలోచించి, "ప్రతి ఒక్కరూ తన కొలతకి తనే కత్తిరించి, తనే మొత్తం కుట్టిన చొక్కా నాకు చూపించాలి. పరీక్ష పరీక్షే. తప్పితే మిషన్లు వ్యానెక్కుతాయి."

"అయితే మీరు లోపలికి రండి. కొలవడం నేర్పడానికి నాకో ఒళ్లు కావాలి."

చేతులు రెండూ చాపి హెడ్మాస్టరు గారు హాలు మధ్యలో నిలబడ్డారు. పన్నెండు మంది టేపులు పట్టుకుని చుట్టూ మూగారు. భుజం, చాతీ, చేతి పొడుగు. పొట్ట దగ్గరికొచ్చేసరికి ఆయన ఊపిరి బిగబట్టి లోపలికి లాక్కున్నారు.

"వదిలెయ్యండి సార్, వదిలెయ్యండి. ఏం కాదు," అంది నర్సమ్మ వార్డు గొంతుతో.

వదిలారు. టేపు మూడంగుళాలు జరిగింది. పన్నెండు కాగితాల మీద పన్నెండు రకాల అంకెలు పడ్డాయి. మళ్లీ కొలిచారు. నాలుగోసారికి అందరి అంకె ఒకటైంది. పొడుగమ్మ టేపు చుట్టేస్తూ ఆయన్ని ఒక్క ప్రశ్న అడిగింది.

"మెడ పదహారున్నర అంటోంది," అంది నర్సమ్మ. "కానీ ఇప్పుడు మీరు వేసుకున్న కాలరు పదిహేను. తలనొప్పి ఎప్పట్నుంచి అని అడుగుతోంది."

హెడ్మాస్టరు గారు పై గుండీ విప్పుకున్నారు.

గురువారమంతా కత్తెర చప్పుడే. తప్పులు కూడా ఫ్యాక్టరీవాళ్లు మాత్రమే చేయగల తప్పులు. కాజాల చిన్నదానికి రెండు చేతులూ ఎడమ చేతులే వచ్చాయి. ఆవిడ బల్ల ముందు నుంచి ఎప్పుడూ ఎడమ కఫ్ కట్టలే వెళ్లేవట. జేబులామె వెనక భాగానికి కూడా జేబు గుర్తు గీసింది. టైలరక్క కుడి ఎడమ చూపించడానికి అద్దం తెప్పించింది. ఒకరి ఒంటి మీద ఒకరు గుడ్డ పరిచి, చంక దగ్గర సుద్దతో గీసుకుని, చక్కిలిగింతలతో మెలికలు తిరిగారు. ఫ్యాక్టరీలో ఒకరి ముఖం ఒకరు చూసుకునే తీరిక లేదట. ఇక్కడ మాత్రం గోల.

నమూనా కోసమని టైలరక్క హెడ్మాస్టరు గారి కొలతకి తనొక చొక్కా కుడుతోంది. కాలరు దగ్గరికి వచ్చింది. కుట్టి, తిరగేసి, ముప్పై ఏళ్ల అలవాటు ప్రకారం కత్తెర మొనతో లోపల్నుంచి పొడిచి, మూలని బయటికి తోసింది.

వెనక నుంచి "చ్" అని వినిపించింది.

పొడుగమ్మ. ఆ కాలరుని వేలిముద్ర పడుతుందేమోనన్నట్టు రెండు వేళ్లతో ఎత్తి, వెలుతురుకి పట్టి, మొన చూపించింది. మొన కాదది. నలిగిన బొటనవేలిలా ఉంది. ఇన్నాళ్లూ ఎవరూ అనలేదు గనక టైలరక్కా అనుకోలేదు.

పొడుగమ్మ కూర్చుంది. రెండు పొరల మధ్య మూల దగ్గర దారం పోగు ఒకటి పరిచింది. సరిగ్గా మూల మీద ఒక కుట్టు ఆ పోగుని పట్టుకునేలా వేసి, తిప్పి, అటు వైపు కుట్టుకుంటూ పోయింది. తిరగేసి, దారం రెండు కొసలూ పట్టుకుని చిన్నగా లాగింది. మూల తనంతట తనే చీమ ముట్టెలా బయటికొచ్చింది. దారం జారి వచ్చేసింది. కత్తెర తగల్లేదు, పొడుపు లేదు.

"అమ్మ బాబోయ్," అంది టైలరక్క.

తను ప్రయత్నిస్తే దారం తెగింది. రెండోసారి మూల దాటిపోయింది. మూడోసారి మొన వచ్చింది గానీ పక్కకి చూస్తోంది. పొడుగమ్మ ప్రతిసారీ మర్యాదగా కుట్లు విప్పే పనిముట్టు అందించింది.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు మందీ తాము కుట్టుకున్న చొక్కాలు తొడుక్కుని వరసగా నిలబడ్డారు. హెడ్మాస్టరు గారు చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష హాల్లో తిరిగినట్టు చుట్టూ తిరిగారు. భుజం కుట్టు భుజం మీదే ఉందా? ఉంది. చేతులు మణికట్టుదాకా వచ్చాయా? వచ్చాయి. జేబులామె అద్దం ముందు నుంచి కదలనంటోంది. చిన్నది చేతులు పైకెత్తి, దించి, ఎత్తి, చంక పట్టేయడం లేదని మొగుడికి ఫోను చేసి చెబుతోంది.

హెడ్మాస్టరు గారు అచ్చు వేయించి తెచ్చిన పత్రాలు బల్ల మీద పరిచారు. "తిన్నగా కుట్టుట నేర్చుకొనిరి" అని ఉంది వాటి మీద. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, పన్నెండింటి మీదా ఆ మాట కొట్టేసి, "కొలత, కత్తిరింపు, చొక్కా మొత్తం" అని గుండ్రటి అక్షరాలతో రాశారు. కింద సంతకం పెట్టి, "ఎర్ర పెన్నుతో మార్కులు కొట్టేయడమే అలవాటు, వేయడం కొత్తగా ఉంది," అన్నారు ఎవరితోనో. మిషన్లు ఎవరివి వాళ్లకి అప్పగించారు. ఆడపడుచు పాట ఎత్తుకుంటే గుడి కిటికీలు అదిరాయి. పాస్టరు గారు ప్రార్థన చేశారు. అయిపోయింది.

వ్యాను వచ్చింది. సామాన్లు ఎక్కాయి. హెడ్మాస్టరు గారు విజిలు ఊది తలలు లెక్కపెట్టారు. ఆరు. మళ్లీ ఊదారు. ఆరే.

ఆడపడుచు హాల్లోకి పరుగెత్తింది. "వదినా! విమానం నీ కాలరు కోసం ఆగదు!"

టైలరక్క మిషను ముందు ఒంగి ఉంది. చెప్పులు విడిచేసి, కొంగు నడుముకి దోపింది. పక్కన పొడుగమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. కాలరు తిరగేసి ఆవిడకి అందించింది టైలరక్క. పొడుగమ్మ రెండు మొనలూ దగ్గరికి చేర్చి, ఒకదాని మీద ఒకటి పెట్టి, బొటనవేలితో తడిమి చూసింది. ఎడమది పదును. కుడిది ఒక్క వెంట్రుకంత మొద్దు. తల అడ్డంగా ఊపి, విప్పే పనిముట్టు అందించింది.

టైలరక్క మారుమాట లేకుండా విప్పడం మొదలుపెట్టింది.

ఈలోగా హెడ్మాస్టరు గారే వచ్చారు, వెనక నర్సమ్మ. "టీచరు గారూ, టైమవుతోంది. ఇంకెంతసేపు?"

"నన్నడిగితే నాకేం తెలుస్తుందండీ?" అంది టైలరక్క తలెత్తకుండా, పళ్ల మధ్య దారం పట్టుకుని. "టీచరు ఆవిడ. ఆవిణ్ణడగండి."

నర్సమ్మ అడిగింది. పొడుగమ్మ టైలరక్క వేళ్ల వంక చూసి, కాస్త ఆలోచించి, ఐదు వేళ్లు చూపించింది.

హెడ్మాస్టరు గారు గడియారం చూసుకున్నారు. విజిలు నోటిదాకా తీసుకెళ్లి, చొక్కా జేబులో వేసేసుకున్నారు. వెనక బల్ల మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. మిషను మొదలైంది.